'సంపూర్ణ' జీనోము: ఒక విశేషణం చరిత్ర – పాఠపరిష్కరణ దృష్టితో పరిశీలన

వ్యాససంగ్రహం:

మానవ జీనోము క్రమనిర్ణయం పూర్తయిందనే ప్రకటన 2000, 2003, 2022 సంవత్సరాల్లో మూడుసార్లు వెలువడింది. ఒకే పని మూడుసార్లు ఎలా పూర్తవుతుందన్న ప్రశ్న ఈ వ్యాసానికి ప్రాతిపదిక. జీనోము అంటే ఏమిటి, దానిని ఎలా చదువుతారు, చదివిన తునకలను ఎలా కూరుస్తారు అనే మూలభావనలను వివరిస్తూ, ఆ ప్రక్రియ చారిత్రకంగా సాగిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తాళపత్ర ప్రతుల పరిష్కరణలో మనకు పరిచితమైన గ్రంథపాతం, పాఠాంతరం, ప్రతుల సంకరం వంటి భావనలు ఇక్కడ ఎంతవరకు ఉపకరిస్తాయో, ఎక్కడ ఉపకరించవో చర్చిస్తుంది. 'ప్రామాణిక' జీనోములో ఎవరి పాఠం ఉంది, తెలుగువారి పాఠం ఎక్కడ ఉంది అనే ప్రశ్నతో ముగుస్తుంది.

కీలక పదాలు: జీనోము, క్రమనిర్ణయం, పాఠపరిష్కరణ, గ్రంథపాతం, పాఠాంతరం, ప్రామాణిక ప్రతి.

1. ఉపోద్ఘాతం:

ఒక కావ్యాన్ని పరిష్కరించి 'సమగ్ర ప్రతి' అని ముద్రించిన కొన్నేళ్లకు మరో తాళపత్రం దొరకడం, దానితో ఆ సమగ్రత ప్రశ్నార్థకం కావడం సాహిత్య పరిశోధకులకు కొత్త విషయం కాదు. ఏ ప్రతిని ఆధారంగా తీసుకోవాలి, శిథిలమైన చోట ఏమి చేయాలి, భిన్నపాఠాలలో దేనిని మూలంలో నిలిపి దేనిని అథోజ్ఞాపికకు దించాలి అనేవి పరిష్కర్తకు నిత్యం ఎదురయ్యే ప్రశ్నలు. సి.పి.బ్రౌన్ ఒకే కృతికి పలు ప్రతులు సేకరించి, పండితుల చేత సరిపోల్చించి శుద్ధప్రతులు రాయించడంలోనూ, పూనాలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919 నుంచి 1966 వరకు సంస్కృత మహాభారత సంశోధిత ప్రతికి శ్రమించడంలోనూ ఉన్నవి ఈ ప్రశ్నలే.

ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో జీవశాస్త్రవేత్తలు కూడా ఒక పాఠాన్ని పరిష్కరించడానికి పూనుకున్నారు. దానికి కర్త లేడు, ఆశ్వాసాంత గద్య లేదు, పదాల మధ్య విరామం లేదు. ఆ పాఠమే జీనోము. వార్తాపత్రికలు దీనిని తరచు 'జన్యుపటం' అని వ్యవహరిస్తాయి. అయితే పటం వేరు, పాఠం వేరు. ఏ ఊరు ఏ ఊరికి ఎంత దూరమో పటం చెబుతుంది. పాఠం ప్రతి అక్షరాన్నీ వరుసగా చూపుతుంది. జీనోము చరిత్రలో మొదట పటాలు వచ్చాయి, తరువాత పాఠం వచ్చింది. ఈ వ్యాసం ప్రధానంగా పాఠానికి సంబంధించింది. 'సంపూర్ణ జీనోము క్రమనిర్ణయం' అనే పదబంధంలోని 'సంపూర్ణ' అన్న విశేషణం ఎప్పుడు ఏ అర్థంలో ప్రయుక్తమైందో గమనించడం దీని ఉద్దేశం.

2. జీనోము – మూలభావనలు:

జీవి దేహం కణాలతో నిర్మితమైంది. మనిషి కణాలలో చాలావాటికి కేంద్రకం ఉంటుంది. కేంద్రకంలో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. ప్రతి జతలో ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి సంక్రమిస్తాయి. ప్రతి క్రోమోజోములోనూ ఉన్న పొడవైన అణువు డీ.ఎన్.ఏ. అది రెండు పేటలు మెలివేసుకున్న నిచ్చెన వంటిది. నిచ్చెన మెట్లుగా నాలుగు క్షారాలు ఉంటాయి: ఎడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. వీటిని ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలతో సూచిస్తారు. ఒక పేటలో 'ఎ' ఉన్నచోట ఎదుటి పేటలో 'టి', 'జి' ఉన్నచోట 'సి' ఉంటాయి. కాబట్టి ఒక పేట తెలిస్తే రెండోది తెలిసినట్లే.

ఒక జీవిలోని ఈ అక్షరరాశి మొత్తాన్ని జీనోము అంటారు. జర్మన్ వృక్షశాస్త్రవేత్త హాన్స్ వింక్లర్ 1920లో ఈ పదాన్ని ప్రవేశపెట్టారు. అంతకుముందు 1909లో విల్హెల్మ్ యోహాన్సెన్ 'జీన్' అనే పదాన్ని వాడారు. మన 'జన్యువు' దీనికి సమానార్థకం. జన్యువు జీనోములో ఒక భాగం. జన్యువులన్నీ కలిపినా జీనోము కాదు. మానవ జీనోములో ఒక పేర్పు పొడవు సుమారు 300 కోట్ల అక్షరాలు. పుటకు రెండువేల అక్షరాల చొప్పున ముద్రిస్తే, ఐదువందల పుటల సంపుటాలు మూడువేలు అవుతాయి. ప్రొటీన్ల నిర్మాణానికి నేరుగా ఆదేశమిచ్చే భాగం ఇందులో రెండు శాతానికి మించదు. అటువంటి జన్యువులు దాదాపు 20,000. మిగిలిన దానిలో కొంత జన్యువుల పనిని నియంత్రిస్తుంది, చాలా భాగం పునరుక్తులతో నిండి ఉంటుంది. ఈ పునరుక్తులే పరిష్కర్తలకు పెద్ద చిక్కు తెచ్చాయి.

జన్యుక్రమ నిర్ణయం అంటే ఈ అక్షరాల వరుసను కనుగొనడం. ఎంపిక చేసిన ఒకటి రెండు జన్యువులను మాత్రమే చదవడం ఒక పద్ధతి. ప్రొటీన్లకు సంబంధించిన భాగాలను మాత్రమే చదవడం మరొకటి. ఎంపిక లేకుండా మొత్తం చదవడానికి పూనుకోవడమే సంపూర్ణ జీనోము క్రమనిర్ణయం.

3. లిపి నుంచి పాఠానికి (1869–1977):

1869లో స్విస్ వైద్యుడు ఫ్రీడ్రిష్ మీషర్ జర్మనీలోని ట్యూబింగెన్‌లో, ఆసుపత్రి కట్లకు అంటిన చీములోని కణాల నుంచి ఒక కొత్త పదార్థాన్ని వేరుచేసి దానికి 'న్యూక్లిన్' అని పేరు పెట్టారు. అది వారసత్వ లక్షణాల వాహకమని తెలియడానికి మరో డెబ్బై అయిదేళ్లు పట్టింది. 1944లో అవెరీ, మెక్లియాడ్, మెకార్టీ బాక్టీరియాపై చేసిన ప్రయోగాలు ఆ విషయాన్ని సూచించాయి. 1953లో వాట్సన్, క్రిక్ జంటపేటల నిర్మాణాన్ని ప్రతిపాదించారు. దానికి రోజలిండ్ ఫ్రాంక్లిన్, మారిస్ విల్కిన్స్ ప్రయోగశాలల ఎక్స్‌రే చిత్రాలు ఆధారమయ్యాయి. 1960లలో నిరెన్‌బర్గ్, అవిభక్త భారతదేశంలో పుట్టిన హరగోవింద్ ఖొరానా తదితరులు ఏ మూడక్షరాలు ఏ అమైనో ఆమ్లాన్ని సూచిస్తాయో నిర్ధారించారు. నిరెన్‌బర్గ్, ఖొరానా, రాబర్ట్ హోలీలకు 1968లో నోబెల్ బహుమతి లభించింది.

అప్పటికి లిపి తెలిసింది, సంకేతార్థం తెలిసింది, కాని ఏ జీవి పాఠమూ చదవలేదు. అక్షరాలు గుర్తుపట్టగలిగినా చేతిలో గ్రంథం లేని స్థితి అది. 1976లో వాల్టర్ ఫియర్స్ బృందం ఒక చిన్న వైరస్‌కు చెందిన 3,569 అక్షరాల ఆర్.ఎన్.ఏ. జీనోమును పూర్తిగా చదివింది. 1977లో ఫ్రెడరిక్ సాంగర్ కేంబ్రిడ్జిలో ఫై ఎక్స్ 174 అనే వైరస్ డీ.ఎన్.ఏ. క్రమాన్ని వెల్లడించారు. దాని పొడవు సుమారు 5,400 అక్షరాలు.

అదే ఏడాది సాంగర్ రూపొందించిన పద్ధతి తరువాతి పాతికేళ్ల పరిశోధనకు పునాది అయింది. దాని సూత్రం సరళమైనది. డీ.ఎన్.ఏ. పేటకు నకళ్లు తీయిస్తూ, ఆ మిశ్రమంలో నకలును అక్కడితో ఆపివేసే ప్రత్యేక అక్షరాలను కొద్దిగా కలుపుతారు. 'ఎ'ను ఆపే పదార్థం కలిపితే, 'ఎ' ఉన్న వేర్వేరు స్థానాల వద్ద నకళ్లు ఆగిపోతాయి. ఇలా నాలుగు అక్షరాలకూ చేసి, ఆగిపోయిన నకళ్లను పొడవు వారీగా వేరుచేస్తే, ఎన్నో స్థానంలో ఏ అక్షరం ఉందో వరుసగా తెలుస్తుంది. అసంపూర్ణమైన నకళ్ల ద్వారా పాఠాన్ని తెలుసుకోవడం ఇందులోని విశేషం. ఇదే కాలంలో మాక్సామ్, గిల్బర్ట్ మరో పద్ధతిని రూపొందించారు. సాంగర్, గిల్బర్ట్ 1980 నోబెల్ బహుమతిని పాల్ బర్గ్‌తో పంచుకున్నారు.

4. ఒక ప్రతి, ఒక దిద్దుబాటు (1981–1999):

కేంద్రకం వెలుపల, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో మనిషికి మరో చిన్న జీనోము ఉంది. అది తల్లి నుంచి మాత్రమే సంక్రమిస్తుంది. 1981లో కేంబ్రిడ్జి బృందం దాని పాఠాన్ని 16,569 అక్షరాలుగా ప్రకటించింది. తరువాతి కాలంలో మానవ వలసల చరిత్రను అధ్యయనం చేసినవారికి ఇది ఆధారప్రతి అయింది.

ఈ ప్రతి తయారైన తీరు పరిష్కర్తలకు ఆసక్తికరం. ఇందులో అధికభాగం ఒక వ్యక్తికి సంబంధించిన మాయ నుంచి తీసినది. కొంత భాగం హీలా అనే ప్రయోగశాల కణాలది. సందిగ్ధంగా ఉన్న కొన్నిచోట్ల ఆవు మైటోకాండ్రియా పాఠాన్ని బట్టి నిర్ణయం జరిగింది. మన పరిభాషలో ఇది ప్రతుల సంకరం. 1999లో ఆ మాయ నమూనానే మళ్లీ చదివి చూసినప్పుడు కొన్ని తప్పులు బయటపడ్డాయి. వాటిలో ఒకటి 3107వ స్థానం దగ్గర లేని 'సి' అక్షరం అదనంగా చేరడం. ఆ అక్షరాన్ని తొలగిస్తే తరువాతి స్థానసంఖ్యలన్నీ మారిపోతాయి. అప్పటికి ప్రపంచమంతటా ప్రచురితమైన పరిశోధనలలో పాత సంఖ్యలే ఉన్నాయి. అందువల్ల ఆ స్థానాన్ని ఖాళీగా ఉంచి సంఖ్యాక్రమాన్ని యథాతథంగా కొనసాగించారు. నేటికీ ఆ ప్రతిలో 3107వ స్థానం ఏ అక్షరానికీ చెందని శూన్యస్థానం. ప్రక్షిప్తమని తేలిన పద్యాన్ని తొలగించి, పద్యసంఖ్యలు మారకుండా ఆ సంఖ్యను ఖాళీగా వదలడం వంటిదే ఇది. పాఠం ప్రకృతిది, ప్రతి మాత్రం మనుషులు చేసినది అనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు.

5. తునకల నుంచి గ్రంథానికి:

సాంగర్ పద్ధతిలో ఒక విడతకు కొన్ని వందల అక్షరాలకు మించి చదవలేరు. కోట్ల అక్షరాల జీనోమును చదవాలంటే దానిని తునకలు చేయక తప్పదు. తునకలు చేస్తే వరుస పోతుంది. ఈ సమస్యకు పరిష్కారం అతివ్యాప్తిలో ఉంది. ఒకే జీనోముకు చెందిన అనేక నకళ్లను యాదృచ్ఛికంగా ముక్కలు చేస్తే, ఒక ముక్క చివర మరో ముక్క మొదటితో కలుస్తుంది. 'ఊరిచెరువునిం', 'వునిండిపొంగి', 'పొంగిపారింది' అనే మూడు తునకలు దొరికాయనుకుందాం. ఉమ్మడి అక్షరాలను బట్టి 'ఊరిచెరువునిండిపొంగిపారింది' అని కూర్చవచ్చు. ఈ పనిని కోట్ల తునకలతో కంప్యూటర్ చేస్తుంది. ఒక్కో స్థానాన్ని ఒకేసారి కాక పలుమార్లు చదవడం వల్ల పొరపాట్లు తగ్గుతాయి. నేడు వ్యక్తి జీనోమును సాధారణంగా ప్రతి అక్షరమూ సగటున 30 సార్లు వచ్చేలా చదువుతారు. ఒక ప్రతిలోని లేఖక ప్రమాదాన్ని ఇతర ప్రతుల సాక్ష్యంతో దిద్దడం దీనికి దగ్గరి పోలిక.

అయితే 'గలగలగలగలగలగల' వంటి పాఠం ఎదురైతే ఈ పద్ధతి నిస్సహాయమవుతుంది. తునకలన్నీ 'గలగల' అనే ఉంటాయి. మూలంలో ఆ మాట మూడుసార్లు ఉందా, ముప్పైసార్లు ఉందా అన్నది తునకను చూసి చెప్పడం సాధ్యం కాదు. పునరుక్త భాగం పొడవు తునక పొడవును మించినచోట గ్రంథపాతం తప్పదు. మానవ జీనోము చరిత్రలోని ఖాళీలలో అధికభాగానికి కారణం ఇదే.

1995లో క్రెయిగ్ వెంటర్, హామిల్టన్ స్మిత్ బృందం హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అనే బాక్టీరియా జీనోమును ఈ తునకల పద్ధతిలో చదివింది. సుమారు 18 లక్షల అక్షరాలున్న ఆ పాఠం, స్వతంత్రంగా జీవించే ఒక జీవికి సంబంధించిన తొలి పూర్తి జీనోము. 1996లో ఈస్ట్, 1998లో ఒక నులిపురుగు, 2000లో పండ్ల ఈగ జీనోములు వెలువడ్డాయి.

6. ఎన్నిసార్లు 'పూర్తి'? (1990–2023):

మానవ జీనోము ప్రాజెక్టు 1990 అక్టోబరులో పదిహేనేళ్ల గడువుతో, సుమారు 300 కోట్ల డాలర్ల అంచనాతో మొదలైంది. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, జపాన్, చైనాలకు చెందిన 20 కేంద్రాలు పాఠనిర్ణయంలో పాల్గొన్నాయి. వీటిలో భారతదేశం లేదు. 1996లో బెర్ముడాలో సమావేశమైన శాస్త్రజ్ఞులు, కూర్చిన పాఠాన్ని 24 గంటల్లోగా అందరికీ అందుబాటులో ఉంచాలని నిర్ణయించుకున్నారు. ప్రతులను పెట్టెల్లో దాచుకునే సంప్రదాయానికి భిన్నమైన నిర్ణయమిది. 1998లో వెంటర్ నాయకత్వాన సెలెరా అనే ప్రైవేటు సంస్థ పోటీకి దిగింది. ప్రభుత్వ ప్రాజెక్టు జీనోమును మొదట లక్షన్నర అక్షరాల ప్రమాణంలో ఖండాలుగా విభజించి, వాటి స్థానాలు గుర్తించి, తరువాత ఒక్కొక్క ఖండాన్ని చదివింది. సెలెరా మొత్తాన్ని ఒకేసారి తునకలు చేసి చదవాలనుకుంది.

2000 జూన్ 26న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ శ్వేతభవనంలో, ఉపగ్రహం ద్వారా పాల్గొన్న బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్ సమక్షంలో ప్రకటన చేశారు. అక్కడ పూర్తయినది ముసాయిదా మాత్రమే. 2001 ఫిబ్రవరిలో రెండు బృందాలూ తమ ఫలితాలను ప్రచురించాయి. మానవ జన్యువుల సంఖ్య లక్ష దాకా ఉండవచ్చన్న పూర్వపు అంచనాలు అప్పుడే 30,000 ప్రాంతానికి దిగాయి.

2003 ఏప్రిల్ 14న ప్రాజెక్టు ముగిసిందని రెండో ప్రకటన వచ్చింది. 2004లో ప్రచురితమైన వివరాల ప్రకారం ఆ పాఠంలో 285 కోట్ల అక్షరాలు, 341 ఖాళీలు ఉన్నాయి. జన్యువులు ఎక్కువగా ఉండే ప్రాంతాలలో 99 శాతం మేరకు చదివారు. లక్ష అక్షరాలకు ఒక పొరపాటు మాత్రమే ఉండవచ్చని లెక్కగట్టారు. 'పూర్తి' అన్న మాటకు ఇక్కడ అర్థం, అప్పటి సాధనాలతో చదవగలిగినంత అని. క్రోమోజోముల నడిమి ముడులు, పునరుక్తులతో నిండిన భాగాలు అలాగే మిగిలాయి. అవి మొత్తంలో సుమారు 8 శాతం.

ఆ తరువాత చదివే సాధనాలు మారాయి. కేంబ్రిడ్జిలో డేవిడ్ క్లెనర్‌మన్‌తో కలిసి మద్రాసులో జన్మించిన శంకర్ బాలసుబ్రమణియన్ రూపొందించిన పద్ధతి, గాజుపలకపై కోట్ల తునకలను ఏకకాలంలో చదవగలదు. ఒక్కొక్క అక్షరం చేరినప్పుడల్లా వెలువడే రంగుకాంతిని కెమెరా నమోదు చేస్తుంది. ఖర్చు విపరీతంగా తగ్గింది. కానీ చదివే తునక నిడివి వంద, నూటయాభై అక్షరాలకు కుదించుకుపోయింది. అంత చిన్న తునకలను స్వతంత్రంగా కూర్చడం కష్టం కనుక, ఇదివరకే ఉన్న ప్రామాణిక ప్రతి పక్కన పెట్టి, ఏ తునక ఎక్కడ సరిపోతుందో చూస్తారు. నేడు ఒక వ్యక్తి సంపూర్ణ జీనోము చదివామంటే చాలా సందర్భాల్లో చేసే పని ఇదే. ప్రామాణిక ప్రతిలో లేని భాగం ఆ వ్యక్తిలో ఉంటే, దానికి చెందిన తునకలకు చోటు దొరకదు. అవి పక్కన పడిపోతాయి. ఈ విషయం తరువాతి చర్చకు కీలకం.

గత దశాబ్దంలో వేల, లక్షల అక్షరాల పొడవు తునకలను చదవగల పద్ధతులు వచ్చాయి. వాటిలో ఒకటి, సూక్ష్మరంధ్రం గుండా డీ.ఎన్.ఏ. పేటను పంపి విద్యుత్ ప్రవాహంలోని మార్పులను బట్టి అక్షరాలను గుర్తించేది. పొడవైన తునకల వల్ల పునరుక్తుల చిక్కు విడిపోయింది. 2022లో ఒక అంతర్జాతీయ బృందం, క్రోమోజోము ఒక కొస నుంచి మరో కొస వరకు ఖాళీ లేని పాఠాన్ని ప్రచురించింది. దాదాపు 20 కోట్ల అక్షరాలు కొత్తగా చేరాయి. ఈ మూడో 'పూర్తి'లో కూడా ఒక పరిమితి ఉంది. ఆ పాఠం జన్మించిన మనిషిది కాదు. పిండం ఏర్పడని, తండ్రి జన్యుపదార్థం మాత్రమే రెట్టింపై ఉన్న ముత్యాల గర్భం నుంచి వచ్చిన కణాలది. రెండు ప్రతులూ ఒకటే కావడంతో కూర్పు సులభమవుతుందని దానిని ఎంచుకున్నారు. అందులో వై క్రోమోజోము లేదు. దాని పూర్తి పాఠం మరొకరి నుంచి 2023లో వచ్చింది.

7. ప్రామాణిక ప్రతి ఎవరిది?

రెండు దశాబ్దాలుగా ప్రపంచమంతటా ఆధారంగా వాడుతున్న ప్రామాణిక జీనోము ఒక వ్యక్తిది కాదు, మానవజాతి సగటూ కాదు. అమెరికాలోని బఫెలో నగరంలో పత్రికా ప్రకటన చూసి రక్తదానానికి ముందుకొచ్చిన అజ్ఞాత వ్యక్తులది అందులో పెద్ద భాగం. సుమారు 70 శాతం ఒక్క పురుషుడి నుంచి వచ్చింది. పేరు తెలియని ఆ దాత ప్రపంచానికి ఆధారప్రతి అయ్యాడు.

ఈ ప్రతిని 'సరైన పాఠం'గా భావించడం ప్రమాదకరం. 2009 నాటి ప్రామాణిక ప్రతిలో, రక్తం గడ్డకట్టే ముప్పును పెంచే ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ అనే మార్పు మూలపాఠంగా ఉంది. దాత జన్యువులో ఏది ఉంటే అదే ప్రతిలోకి ఎక్కింది. ప్రామాణికం అంటే పోల్చడానికి అంగీకరించిన కొలమానం మాత్రమే, ఆదర్శం కాదు. ఈ గ్రహింపుతోనే 2023లో 47 మంది జీనోములను కలిపి, ఒకే వరుసగా కాక పాయలుగా చీలి కలిసే రూపంలో 'సమష్టి జీనోము' తొలి ప్రతిని విడుదల చేశారు. దానివల్ల పూర్వపు ప్రామాణిక ప్రతికి సుమారు 11.9 కోట్ల అక్షరాలు అదనంగా చేరాయి. ఒకే మూలాన్ని నిలిపి మిగతావి అథోజ్ఞాపికలకు దించే పద్ధతి నుంచి, పాఠాంతరాలన్నిటికీ సమానస్థానమిచ్చే పద్ధతి వైపు ఇది ఒక అడుగు.

8. భారతదేశం – తెలుగువారి పాఠం:

ప్రపంచ జనసమూహాల జన్యుభేదాలను నమోదు చేసిన 'వేయి జీనోముల ప్రాజెక్టు' 2008లో మొదలై 2015లో తుది నివేదిక వెలువరించింది. 26 సమూహాలకు చెందిన 2,504 మంది జీనోములు అందులో ఉన్నాయి. ఆ 26లో ఒకటి తెలుగువారిది. దాని అధికారిక నామం 'యు.కె.లోని భారతీయ తెలుగువారు'. ఐ.టి.యు. అనే మూడక్షరాల సంకేతంతో వందమందికి పైగా తెలుగువారి నమూనాలు నేడు ప్రపంచంలోని ఏ పరిశోధకుడికైనా అందుబాటులో ఉన్నాయి.

తెలుగు అధ్యయనశాఖలలో పనిచేసేవారు ఈ పేరు దగ్గర కొంతసేపు ఆగాలి. ఇక్కడ ఒక భాషానామం జనసమూహ నామంగా మారింది. భాష తల్లిదండ్రుల నుంచీ వస్తుంది, పరిసరాల నుంచీ వస్తుంది. జీనోము వంశం నుంచి మాత్రమే వస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వేర్వేరు సామాజిక వర్గాలు, గిరిజన సమూహాలు శతాబ్దాలుగా తమలో తామే వివాహసంబంధాలు కలుపుకుంటూ వచ్చాయి. వారందరినీ 'తెలుగు' అనే ఒక్క పేరు కింద చేర్చితే భాషాపరంగా సబబే, జన్యుపరంగా అసమగ్రం. పైగా ఇక్కడి నమూనాలు ఇంగ్లండుకు వలసవెళ్లగలిగిన కుటుంబాలవి. పేరులోనే ఉన్న 'యు.కె.లోని' అన్న విశేషణాన్ని విస్మరించి, ఆ ఫలితాలను తెలుగువారందరికీ అన్వయించడం, ఒక్క మండలంలో సేకరించిన మాండలికాన్ని తెలుగు మాండలికంగా ప్రకటించడం వంటిది.

ఈ వైవిధ్యాన్ని దేశంలోపల అధ్యయనం చేసిన సంస్థలలో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. ముఖ్యమైనది. 1977లో పుష్ప మిత్ర భార్గవ నేతృత్వంలో రూపుదిద్దుకున్న ఈ సంస్థలో, లాల్జీ సింగ్ 1980లలో దేశీయ డీ.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతిని అభివృద్ధి చేశారు. 2009లో కె.తంగరాజ్, లాల్జీ సింగ్ హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ బృందంతో కలిసి 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యుసమాచారాన్ని విశ్లేషించారు. అది సంపూర్ణ జీనోము పఠనం కాదు, ఎంపిక చేసిన లక్షల స్థానాల పరిశీలన. భారతీయ సమూహాలలో చాలావాటిది ప్రాచీన మిశ్రమ వారసత్వమని, తరువాత అంతర్వివాహాల వల్ల అవి వేరుపడ్డాయని అది సూచించింది. 2017లో ఇదే తరహా విస్తృత అధ్యయనం 2,800 మందికి పైగా వ్యక్తులను పరిశీలించింది. కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించిన ప్రభావం ఫిన్లాండ్ ప్రజలలో కన్నా బలంగా ఉన్న 81 సమూహాలను దక్షిణాసియాలో గుర్తించింది.

దీని ఆచరణప్రయోజనానికి తెలుగునేలకు సంబంధించిన ఒక ఉదాహరణ ఉంది. శస్త్రచికిత్సకు ముందు కండరాలను సడలించడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. దాని ప్రభావం సాధారణంగా కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది. దానిని విచ్ఛిన్నం చేసే ఎంజైము లోపించినవారిలో ఆ ప్రభావం చాలాసేపు కొనసాగి ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది. ఈ లోపం వైశ్య సముదాయంలో ఇతరులలో కన్నా ఎక్కువగా కనిపిస్తుందని భారతీయ వైద్యులు, పరిశోధకులు గుర్తించారు. ముందే తెలిస్తే మత్తువైద్యుడు మరో మందు ఎంచుకుంటాడు. ఇది మేనరికానికి సంబంధించిన విషయం కాదని గమనించాలి. గోత్రాలు వేరైనా, దగ్గరి బంధుత్వం లేకున్నా, సుదూర గతంలో పూర్వీకులు కొద్దిమందే అయినప్పుడు వారి అరుదైన పాఠాంతరం సమూహమంతటా వ్యాపిస్తుంది. ఏ సమూహానికీ ఇది కళంకం కాదు. ప్రతి మనిషిలోనూ ఇటువంటి నిగూఢమైన మార్పులు కొన్ని ఉంటాయి.

మరో ఉదాహరణ, గుండె కండరానికి సంబంధించిన ఎం.వై.బి.పి.సి.3 అనే జన్యువులో 25 అక్షరాల లోపం. 2009లో తంగరాజ్ తదితరులు ప్రచురించిన పరిశోధన ప్రకారం దక్షిణాసియావారిలో సుమారు 4 శాతం మందిలో ఇది ఉంది, వయసు పెరిగాక గుండెజబ్బు ముప్పును పెంచుతుంది. 300 కోట్ల అక్షరాలలో 25 అక్షరాల గ్రంథపాతం కోట్లమందికి సంబంధించిన విషయమైంది. ఇతర ఖండాలలో దాదాపుగా కనిపించని ఈ మార్పును మన ప్రతులను చదివితేనే కనుగొనగలిగారు.

2009 డిసెంబరులో ఢిల్లీలోని ఐ.జి.ఐ.బి. తొలి భారతీయ వ్యక్తి సంపూర్ణ జీనోమును చదివినట్లు ప్రకటించింది. 2019లో ఐ.జి.ఐ.బి., సి.సి.ఎం.బి. కలిసి చేపట్టిన 'ఇండిజెన్' కార్యక్రమంలో వెయ్యిమందికి పైగా జీనోములు చదివారు. వారిలో కనిపించిన భేదాలలో దాదాపు మూడోవంతు అంతకుముందు ప్రపంచ సంచయాలలో లేనివి. 2020లో ఆరంభమైన 'జీనోమ్ ఇండియా' ప్రాజెక్టు 80కి పైగా సమూహాలకు చెందిన పదివేల మంది జీనోములను చదివి, 2025 జనవరిలో ఆ సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది.

9. పోలిక – పరిమితులు:

పాఠపరిష్కరణతో జీనోము క్రమనిర్ణయాన్ని పోల్చడం అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది. కాని మూడు భేదాలను విస్మరించరాదు. మొదటిది, కావ్యానికి కర్త ఉంటాడు. కవిహృదయానికి దగ్గరైన పాఠాన్ని పరిష్కర్త వెదుకుతాడు. జీనోముకు కర్తృపాఠం లేదు. కాబట్టి ఇక్కడ పాఠాంతరాన్ని అపపాఠమని కొట్టివేసే అధికారం ఎవరికీ లేదు. భేదం వ్యాధికి కారణమైనప్పుడు వైద్యానికి విషయమవుతుందే తప్ప ఆ మనిషి 'తప్పు ప్రతి' కాడు. రెండోది, పాఠం నిర్ణయమైనా అర్థం తెలిసినట్లు కాదు. ఇద్దరు వ్యక్తుల నడుమ లక్షల స్థానాలలో భేదాలుంటాయి. వాటిలో ఏది దేనికి కారణమో చాలావాటి విషయంలో నిర్ధారణ కాలేదు. అక్షరవ్యక్తి వేరు, అర్థవ్యక్తి వేరు. మూడోది, తాళపత్రం గ్రంథాలయానిది, జీనోము మాత్రం సజీవమైన మనిషిది. అది ఆ మనిషి తోబుట్టువులను గురించి, పుట్టబోయే సంతానాన్ని గురించి కూడా చెబుతుంది. కాబట్టి దానిని చదవడానికి, దాచడానికి, పంచుకోవడానికి ఆ మనిషి ఎరుకతో కూడిన అంగీకారం అనివార్యం.

10. ముగింపు:

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

• 'సంపూర్ణ' అన్న విశేషణం 2000లో ముసాయిదాకు, 2003లో అప్పటి సాధనాలకు అందిన మేరకు, 2022లో ఒక కణశ్రేణిలోని ఖాళీలేని పాఠానికి వర్తించింది. ఆ మాట అర్థాన్ని ప్రతిసారీ నాటి సాధనమే నిర్ణయించింది.

• చదివే తునక నిడివి పెరిగిన కొద్దీ గ్రంథపాతాలు తగ్గాయి. చదివే మనుషుల సంఖ్య, వైవిధ్యం పెరిగిన కొద్దీ పాఠాంతరాలు వెలుగుచూశాయి. మొదటిది సాంకేతిక సమగ్రత, రెండోది సామాజిక సమగ్రత. ఒకటి సాధించినంత మాత్రాన రెండోది సిద్ధించదు.

• ప్రామాణిక ప్రతి చారిత్రక పరిస్థితులలో ఏర్పడిన సంకలనం. 3107వ శూన్యస్థానం, బఫెలో దాత అందుకు నిదర్శనాలు.

• అంతర్జాతీయ సంచయాలలో 'తెలుగు' అనేది ఒక జన్యుసమూహ నామం అయింది. ఆ పేరు ఎవరిని సూచిస్తుంది, ఎవరిని వదిలివేస్తుంది అనే చర్చలో భాషాసాహిత్య పరిశోధకులకూ పాత్ర ఉంది. సమూహాల పేర్లు, వలసల చరిత్రలు, కైఫీయతులు, ఇంటిపేర్లు వారు ఎరిగిన విషయాలు.

ఒక్క ప్రతిని ఆధారం చేసుకుని గ్రంథం సమగ్రమని ప్రకటించే పరిష్కర్తను మన సంప్రదాయం అంగీకరించలేదు. ఎన్ని ప్రతులు చూశారు, అవి ఏ ప్రాంతాలవి అని పీఠికలోనే అడిగింది. సంపూర్ణ జీనోమును గురించీ అడగవలసిన ప్రశ్న అదే.